ధాతువులు, కణజాలాలు: ఒకే శరీరానికి రెండు లెక్కలు

6.1 పరిచయం

మేడారం జాతరకు వెళ్లి వచ్చినవారికి ‘నిలువెత్తు బంగారం’ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మొక్కుకున్న మనిషిని తక్కెడలో ఒకవైపు కూర్చోబెట్టి, రెండోవైపు అంతే బరువు బెల్లం పెడతారు. సమ్మక్క, సారలమ్మ గద్దెల దగ్గర సమర్పించే ఆ బెల్లాన్నే బంగారం అంటారు. పాత వరంగల్ జిల్లాలో, ఇప్పటి ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో ఉన్న ఈ ఊరికి రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళకు లక్షలాది మంది చేరుకుంటారు. తక్కెడ మనిషి బరువెంతో చెబుతుంది. ఆ బరువు దేనితో ఏర్పడిందో చెప్పదు. 60 కిలోల మనిషి అనుకుందాం. ఆ 60 కిలోలు ఏమేమిటి?

ఆయుర్వేదం చెప్పే జవాబు ఇది: రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం అనే ఏడు ధాతువులు, వాటితోపాటు దోషాలు, మలాలు. ఆధునిక జీవశాస్త్రం చెప్పే జవాబు వేరు: ఉపకళా, సంయోజక, కండర, నాడీ కణజాలాలు అనే నాలుగు రకాలు. ఈ పాఠంలో ఈ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూస్తాం. ఇది చదివిన తరువాత ధాతువుకూ కణజాలానికీ ఉన్న తేడాను మీరు వివరించగలగాలి. ప్రాచీనులు ఏ పద్ధతిలో శరీరాన్ని పరిశీలించారో, ఆ పద్ధతి వల్ల వారికి ఏది కనిపించిందో, ఏది కనిపించలేదో చెప్పగలగాలి. రక్తం విషయంలో ఈ తేడా ఒక కుటుంబానికి ఎంత ముఖ్యమవుతుందో కూడా గుర్తించగలగాలి.

గైడ్లలో మీకు ఒక చిన్న పట్టిక కనిపిస్తుంది. రసం అంటే ప్లాస్మా, రక్తం అంటే ఎర్ర రక్తకణాలు, మాంసం అంటే కండరం, మేదస్సు అంటే కొవ్వు, అస్థి అంటే ఎముక, మజ్జ అంటే ఎముక మూలుగ, శుక్రం అంటే వీర్యం అని ఎదురెదురుగా రాసి ఉంటాయి. పరీక్ష ముందు రోజు బట్టీ పట్టడానికి అది బాగానే పనికొస్తుంది. అర్థం చేసుకోవడానికి మాత్రం అడ్డు వస్తుంది. ఎందుకంటే ఆ పట్టికలోని రెండు వరుసలూ రెండు వేరువేరు ప్రశ్నలకు జవాబులు.

6.2 ధాతువు అనే మాట

తెలుగులో ఈ మాటను మీరు కనీసం మూడు చోట్ల విని ఉంటారు. వ్యాకరణంలో క్రియాపదానికి మూలమైన రూపం ధాతువు. గనుల గురించి చదివేటప్పుడు లోహాన్ని తీసే ముడిఖనిజం ధాతువు. వైద్యంలో శరీరాన్ని నిలబెట్టేది ధాతువు. మూడింటిలోనూ ఉన్న భావం ఒకటే: దేన్నైనా ధరించేది, దేనికైనా ఆధారంగా ఉండేది. ‘ధా’ అనే సంస్కృత మూలానికి నిలుపుట, పోషించుట అనే అర్థాలున్నాయి. కాబట్టి ధాతువు అన్నప్పుడు వైద్యుడు అడుగుతున్న ప్రశ్న ‘ఈ పదార్థం దేనితో తయారైంది?’ అని కాదు, ‘తిన్న అన్నం శరీరంగా ఎలా మారుతుంది, ఏది దేన్ని పోషిస్తుంది?’ అని.

అందుకే ధాతువుల వరుసను మార్చడానికి వీల్లేదు. ఆహారం జీర్ణమై రసం అవుతుంది. రసం నుంచి రక్తం, రక్తం నుంచి మాంసం, మాంసం నుంచి మేదస్సు, మేదస్సు నుంచి అస్థి, అస్థి నుంచి మజ్జ, మజ్జ నుంచి శుక్రం. ప్రతి మెట్టులోనూ ఆ ధాతువుకు చెందిన అగ్ని పనిచేస్తుంది. కొంత భాగం ఆ ధాతువుగా నిలుస్తుంది, కొంత తరువాతి దానికి వెళుతుంది, కొంత మలంగా మిగులుతుంది. రసం శుక్రంగా మారడానికి నెల రోజులు పడుతుందని సుశ్రుత సంహిత చెబుతుంది.

ఈ మార్పు ఎలా జరుగుతుందన్న దానిపై ప్రాచీనులు అందరూ ఒకే మాట మీద లేరు. మూడు పోలికలతో మూడు వాదాలు నడిచాయి. మొదటిది క్షీరదధి న్యాయం: పాలు మొత్తం పెరుగైనట్టు, ఒక ధాతువు మొత్తం తరువాతి ధాతువుగా మారుతుంది. దీనికి పాత వ్యాఖ్యాతలే అభ్యంతరం చెప్పారు. రసమంతా రక్తమైపోతే, నాలుగు రోజులు ఉపవాసమున్న మనిషిలో రసమే ఉండకూడదు కదా అన్నారు. రెండోది కేదారీకుల్యా న్యాయం. కేదారం అంటే మడి, కుల్య అంటే కాలువ. రామప్ప చెరువు కిందో లక్నవరం కిందో సాగుచేసే రైతుకు దీన్ని వివరించాల్సిన పనిలేదు. తూము నుంచి వచ్చిన నీరు మొదటి మడిని తడిపి రెండోదానికి, దాన్ని తడిపి మూడోదానికి వెళ్లినట్టు, రసం ఒక్కొక్క ధాతువును తడుపుతూ ముందుకు పోతుంది. మూడోది ఖలేకపోత న్యాయం. ఖలం అంటే కళ్లం. కళ్లంలో పోసిన ధాన్యం మీదికి నలువైపుల నుంచీ పావురాలు వస్తాయి. ఏ పావురానికి కావలసిన గింజ అది తీసుకుని దాని గూటికి అది పోతుంది. దగ్గరి గూటి పావురం త్వరగా చేరుతుంది, దూరపుది ఆలస్యంగా చేరుతుంది. ధాతువులు కూడా ఉమ్మడి రసం నుంచి తమకు కావలసినవి విడివిడిగా తీసుకుంటాయని ఈ వాదం.

ఇప్పటి శరీరధర్మశాస్త్రం వైపు నుంచి చూస్తే మూడో పోలికే వాస్తవానికి ఎక్కువ దగ్గరగా ఉందని ఈ పాఠ్య రచయిత అభిప్రాయం. గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. మహాధమని నుంచి ప్రతి అవయవానికీ విడిగా ఒక శాఖ వెళుతుంది. అంటే ఒక మడి నిండాక ఇంకో మడికి కాదు, ప్రతి మడికీ సొంత తూము. కణాలు తమ పొరమీది గ్రాహకాల సాయంతో తమకు అవసరమైన గ్లూకోజునో, ఇనుమునో, హార్మోనునో పట్టుకుంటాయి. అయితే కాలువ పోలిక పూర్తిగా వృథా కాదు. పేగుల నుంచి వచ్చే రక్తం నేరుగా గుండెకు పోకుండా ముందు కాలేయంలోకి వెళ్లి, అక్కడి నుంచి పోతుంది. ఒక్క ఈ దారిలో మాత్రం మడి తరువాత మడి అన్న మాట చెల్లుతుంది.

6.3 కణజాలం అనే మాట

‘కణజాలం’ పాఠ్యపుస్తకాల కోసం కట్టిన మాట. కణాల వల అని అర్థం. యూరప్ భాషల్లో దీనికి వాడే మాటకు నేత అని అర్థం. ఆ మాటను శరీరశాస్త్రంలో స్థిరపరచినవాడు ఫ్రెంచ్ వైద్యుడు గ్జేవియర్ బిషా. 1771లో పుట్టి 31 ఏళ్లు నిండకుండానే 1802లో చనిపోయిన ఆయన శరీరంలో 21 రకాల కణజాలాలున్నాయని చెప్పాడు. ఇక్కడ మీరు గమనించాల్సిన విషయం ఒకటుంది: ఆయన సూక్ష్మదర్శినిని నమ్మలేదు, వాడలేదు. శరీర భాగాలను ఉడకబెట్టాడు, ఎండబెట్టాడు, కుళ్లబెట్టాడు, ఆమ్లాల్లో నానబెట్టాడు. ఏది ఎలా మారుతుందో చూసి వర్గాలు చేశాడు. కొద్దిసేపట్లో మనం చూడబోయే సుశ్రుతుడి పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే.

కణాల మీద ఆధారపడిన వర్గీకరణ ఆ తరువాత వచ్చింది. 1838, 1839లలో ష్లైడన్, ష్వాన్ మొక్కలూ జంతువులూ కణాలతోనే నిర్మితమని సిద్ధాంతీకరించారు. 1858లో రుడాల్ఫ్ విర్కో వ్యాధిని కూడా కణంలోనే వెతకాలన్నాడు. అప్పటి నుంచి కణజాలం అంటే ఒకే రకమైన పుట్టుక, నిర్మాణం ఉండి కలిసి పనిచేసే కణాల సమూహం.

ఇప్పుడు ఏడు ధాతువులను ఈ నాలుగు గంపల్లో వేసి చూడండి. మాంసం కండర కణజాలంలో పడుతుంది. రక్తం, మేదస్సు, అస్థి, మజ్జ అన్నీ ఒక్క సంయోజక కణజాలం గంపలోకే వెళతాయి. కణాల మధ్య మాత్రిక ఎక్కువగా ఉండడం, పిండంలో ఒకే మూలం నుంచి రావడం దీనికి కారణం. రసాన్ని ప్లాస్మా, శోషరసం అనుకుంటే అదీ అక్కడికే. శుక్రం ఏ గంపలోనూ సరిగా ఇమడదు. అది కణాలూ స్రావాలూ కలిసిన ద్రవం. మిగిలిన రెండు గంపలు ఖాళీ! చర్మాన్నీ పేగు లోపొరనూ కప్పే ఉపకళా కణజాలానికి ధాతువుల్లో స్థానం లేదు. చర్మాన్ని చరకుడు మాంసానికి ఉపధాతువుగా లెక్కించాడు. నాడీ కణజాలానికి సమానమైన ధాతువు అసలు లేదు. ఒక్కటొక్కటిగా సరిపోల్చే పట్టిక ఎందుకు నిలవదో మీకు ఈపాటికి తెలిసి ఉండాలి.

మీ ప్రగతిని తెలుసుకోండి
1. ధాతువుల వరుసను మార్చడానికి ఎందుకు వీల్లేదు? మీ మాటల్లో రాయండి.
2. ఏ రెండు కణజాలాలకు సమానమైన ధాతువు లేదు?

6.4 పరిశీలన పద్ధతి

ప్రాచీనులు శరీరాన్ని చూడకుండా ఊహించి రాశారన్నది తరచుగా వినిపించే మాట. సుశ్రుత సంహిత శారీరస్థానం 5వ అధ్యాయం చదివినవారు ఆ మాట అనలేరు. అక్కడ శవాన్ని పరీక్షించే విధానం వివరంగా ఉంది. అవయవాలన్నీ ఉన్న శరీరాన్ని ఎంచుకోవాలి. విషంతోనో దీర్ఘరోగంతోనో చనిపోయినవారిదీ, మరీ వృద్ధులదీ పనికిరాదు. పేగుల్లోని మలాన్ని తీసేయాలి. ముంజగడ్డి, దర్భ, జనుము వంటి వాటితో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీటిలో, ఎవరికీ కనబడని చోట ఉంచాలి. ఏడు రాత్రుల తరువాత బయటికి తీసి, వట్టివేళ్లతోనో వెంట్రుకలతోనో వెదురుతోనో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ, చర్మం మొదలుకొని లోపలి భాగాలన్నిటినీ ఒక్కొక్కటిగా కంటితో చూడాలి. శాస్త్రంలో చదివినదీ కంటితో చూసినదీ రెండూ కలిస్తేనే జ్ఞానం పెరుగుతుందని కూడా ఆ గ్రంథం చెబుతుంది.

కత్తి వాడకుండా చేసిన ఈ పరిశీలనలో ఏది బాగా నిలుస్తుంది? ఎముకలు, కీళ్లు, వాటిని పట్టి ఉంచే నారల్లాంటి బంధనాలు. ఏది ముందు పాడవుతుంది? మెదడు, సన్నని నాడులు, గ్రంథులు. సుశ్రుతుడి లెక్కల్ని ఈ దృష్టితో చూడండి: 300 ఎముకలు, 210 సంధులు, 900 స్నాయువులు, 500 పేశులు. గట్టి భాగాల గురించి ఇంత వివరం ఉన్నచోట మెదడు నిర్మాణం గురించి దాదాపు ఏమీ లేకపోవడం యాదృచ్ఛికం కాదు. ఏడు రోజులు నీళ్లలో నానిన తరువాత చూడడానికి అక్కడ ఏమీ మిగలదు.

300 అన్న సంఖ్య తప్పు కదా, పెద్దవారిలో ఎముకలు 206 మాత్రమే కదా అని మీరు అడగవచ్చు. లెక్క తప్పలేదు, నిర్వచనం వేరు. సుశ్రుతుడి ఐదు రకాల ఎముకల్లో రుచకాలు అంటే దంతాలు, తరుణాలు అంటే ముక్కు, చెవి వంటి చోట్ల ఉండే మృదులాస్థులు. చరకుడు గోళ్లను కూడా కలిపి 360 అన్నాడు. 1907లో రుడాల్ఫ్ హోర్న్‌లే అనే పండితుడు ఈ సంఖ్యల మీదే ఒక పుస్తకం రాసి, వాటి వెనుక నిజమైన పరిశీలన ఉందని చూపించాడు. ఇప్పుడు దంతాన్నీ మృదులాస్థినీ ఎముక నుంచి వేరు చేస్తున్నాం. కారణం కణాలు, మాత్రిక వేరు కావడం. తెల్లగా, గట్టిగా ఉండడం ఒక్కటే కొలత అయినప్పుడు వాటిని కలిపి లెక్కించడం సహజం.

చర్మం గురించి సుశ్రుతుడు వాడిన పోలిక తెలుగింటి వంటగదిలోదే. పాలు కాగుతుంటే పొరలు పొరలుగా మీగడ కట్టినట్టు, గర్భంలో శరీరం తయారవుతున్నప్పుడు ఏడు పొరల చర్మం ఏర్పడుతుందన్నాడు. ఒక్కొక్క పొర మందాన్ని వడ్లగింజతో కొలిచి చెప్పాడు. పైపొర గింజలో 18వ వంతు, అట్టడుగుది రెండు గింజలంత. ఈ కొలత కండ ఉన్న చోట్లకే గాని నుదుటికీ సన్నని వేళ్లకూ వర్తించదని జాగ్రత్త కూడా చెప్పాడు. పొరలకు ఇప్పటి పేర్లు అంటించే ప్రయత్నం కంటే ఈ జాగ్రత్తే నాకు విలువైనదిగా కనిపిస్తుంది.

చరకుడి కొలత దోసిలి. ఎవరి దోసిలితో వారికే కొలవాలి: రసం 9 దోసిళ్లు, రక్తం 8, మేదస్సు 2, మజ్జ 1. వైద్యశాస్త్ర మానంలో దోసిలిని సుమారు 192 గ్రాములుగా తీసుకుంటారు. ఆ లెక్కన రక్తం ఒకటిన్నర కిలో అవుతుంది. నిజానికి పెద్దవారిలో కిలో బరువుకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. 60 కిలోల మనిషిలో 4 లీటర్ల పైమాటే. కొవ్వు విషయంలో తేడా మరీ ఎక్కువ. రెండు దోసిళ్లు అంటే అరకిలో కూడా కాదు, కాని సన్నగా కనిపించే మనిషిలోనూ కిలోల కొద్దీ కొవ్వు ఉంటుంది. అంకెలు తప్పాయి. అయినా ఎవరి దోసిలి వారికే అన్న సూత్రాన్ని వదిలేయకండి. పెద్ద శరీరానికి పెద్ద దోసిలి, చిన్న శరీరానికి చిన్న దోసిలి. ‘కిలో బరువుకు ఇన్ని మిల్లీలీటర్లు’ అని ఇప్పటి డాక్టరు లెక్కగట్టడంలో ఉన్న ఆలోచన అదే. పైగా ఈ కొలతలు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయనీ, ఊహించి తెలుసుకోవాల్సినవే అనీ చరకుడు ముందే చెప్పాడు.

6.5 రక్తం, మూలుగ

ఈ పాఠంలో అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన భాగం ఇది. ఇంట్లో మేక మాంసం వండే అలవాటుంటే ఈసారి ముక్కల్ని కాస్త పరిశీలించండి. తొడ బొక్కలో మూలుగ ముద్దలా, జిడ్డుగా, పసుపు తెలుపు రంగులో ఉంటుంది. వెన్నుపూస ముక్కనో పక్కటెముకనో విరిచి చూస్తే లోపల స్పంజిలాంటి భాగం ఎర్రగా ఉంటుంది. లేత మేకలో ఈ తేడా అంతగా తెలియకపోవచ్చు, ముదురు మేకలో బాగా తెలుస్తుంది.

సుశ్రుతుడు ఈ తేడాను చూశాడు. పెద్ద ఎముకల లోపల ఉండేది మజ్జ అనీ, మిగతా ఎముకల్లో ఉండేది రక్తంతో కూడిన మేదస్సు అనీ రాశాడు. ఇప్పటి పుస్తకాల్లో పసుపు మజ్జ, ఎర్ర మజ్జ అని మీరు చదివేది ఈ రెండింటినే. పరిశీలనగా ఇది ఎంత నిశితమైనదో చెప్పాల్సిన పనిలేదు.

మరి అక్కడ రక్తం ఎందుకుంది? ఈ ప్రశ్న దగ్గర ధాతువుల వరుస దారికి అడ్డం నిలిచింది. వరుసలో రక్తం రెండోది, మజ్జ ఆరోది. రక్తం నుంచి నాలుగు మెట్లు దాటాక మజ్జ వస్తుంది. కాబట్టి మజ్జ నుంచి రక్తం పుడుతుందన్న ఆలోచనకు ఆ చట్రంలో చోటు లేదు. రసం కాలేయానికీ ప్లీహానికీ వెళ్లి అక్కడ ఎర్రదనం పొంది రక్తమవుతుందని సుశ్రుతం చెబుతుంది. మన ఊళ్లలో కార్జం, తిల్లి అని పిలిచే ఆ రెండు అవయవాలూ ఎర్రగా, రక్తంతో నిండి ఉంటాయి. చూసినవారికి ఆ ఆలోచన రావడంలో ఆశ్చర్యం లేదు.

రక్తకణాలు ఎముక మజ్జలో పుడతాయని 1868లో జర్మనీలో ఎర్నెస్ట్ న్యూమన్, ఇటలీలో జూలియో బిజొజెరో విడివిడిగా చూపించారు. అంటే యూరప్‌కు కూడా ఈ సంగతి తెలిసి ఎంతో కాలం కాలేదు. ఈ రోజు తెలిసిన లెక్క ప్రకారం పెద్దవారి ఎర్ర మజ్జలో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్ర రక్తకణాలు తయారవుతాయి. ఒక్కొక్కటి సుమారు 120 రోజులు బతుకుతుంది. ముసలి కణాలను ప్లీహం, కాలేయం పట్టి విడగొడతాయి. వాటిలోని ఇనుము మళ్లీ మజ్జకు చేరుతుంది. సుశ్రుతుడు రక్తం పుట్టిల్లు అనుకున్న చోటు పెద్దవారిలో చాలావరకు రక్తకణాల శ్మశానం. కాని గర్భస్థ శిశువులో సంగతి వేరు. మజ్జ పని అందుకునేదాకా నెలల తరబడి రక్తం తయారయ్యేది ప్రధానంగా కాలేయంలోనే, కొంత ప్లీహంలో కూడా. ప్రాచీనులకు ఇది తెలుసని చెప్పడానికి ఆధారం లేదు. అలా చెప్పి వారిని గౌరవించనక్కర్లేదు.

సిద్ధాంతం ఇలా ఉన్నా, చికిత్సలో అది కొన్నిచోట్ల సరిగ్గా తగిలింది. సమానమైనది సమానమైన దాన్ని పెంచుతుందని ఆయుర్వేద సూత్రం. మాంసంతో మాంసం, రక్తంతో రక్తం. విపరీతంగా రక్తం పోయినవారికి మేక కాలేయం తినిపించమని సుశ్రుతం చెబుతుంది. కాలేయంలో ఇనుము, ఫోలేట్, బి12 విటమిన్ దండిగా ఉంటాయి. 1926లో అమెరికాలో మైనాట్, మర్ఫీ అనే వైద్యులు కాలేయాన్ని ఆహారంగా ఇచ్చి ప్రాణాంతకమైన ఒక రకం రక్తహీనతను అదుపు చేశారు. అందులో పనిచేసింది బి12 అని తేలేసరికి 1948 వచ్చింది. పాలిపోయే రోగాన్ని పాండురోగం అన్నారు. దానికి ఇనుముతో చేసిన మందులు ఇచ్చారు. ఇనుము లోపం వల్ల వచ్చిన రక్తహీనతలో ఇనుమే కావాలి కనుక ఆ ఆలోచన సరైనదే. పాలిపోవడం మాత్రం ఒక్క ఇనుము లోపం వల్లనే రాదు.

6.6 ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠం

రెండు శాస్త్రాలూ ఒకే గదిలో కలిసిన సందర్భం మన తెలుగువారి చరిత్రలోనే ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివాడు. ఖద్దరు చొక్కా వేసుకోవడం నచ్చని ఒక ఇంగ్లీషు ప్రొఫెసరు వల్ల ఆయనకు పూర్తి డిగ్రీ కాక ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కిందని జీవితచరిత్రలు చెబుతాయి. ప్రభుత్వ ఉద్యోగం రాక, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అనాటమీ బోధకుడిగా చేరాడు. స్వయంగా స్ప్రూ అనే పేగుల వ్యాధి బారినపడి బయటపడ్డాడు. ఆ జబ్బే ఆయన అన్నను బలి తీసుకుంది. పేగులు పోషకాలను పీల్చుకోలేని స్థితి అది. దానితో తీవ్రమైన రక్తహీనత వస్తుంది.

తరువాత ఆయన అమెరికా వెళ్లి, లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు సారథ్యం వహించాడు. అక్కడి బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఈ కథ రెండో కొస బొంబాయిలో ఉంది. 1931లో లూసీ విల్స్ అనే వైద్యురాలు గర్భిణుల్లో వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని గమనించింది. అందులోని పదార్థమే ఫోలేట్. కొత్త కణం పుట్టాలంటే డి.ఎన్.ఎ. తయారవ్వాలి, దానికి ఫోలేట్ కావాలి. శరీరంలో అత్యంత వేగంగా కణాలు విభజన చెందే చోట్లలో మజ్జ ఒకటి. అందుకే ఫోలేట్ తగ్గితే దెబ్బ ముందుగా అక్కడ తగులుతుంది. కణాలు తక్కువగా, పెద్దవిగా, పక్వం కాకుండా వస్తాయి. సుబ్బారావు బృందమే ఫోలేట్‌కు అడ్డుపడే మందును కూడా తయారుచేసింది. 1948లో సిడ్నీ ఫార్బర్ దాన్ని పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడి తాత్కాలికంగానైనా వ్యాధిని తగ్గించగలిగాడు. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశాడు.

మీ ప్రగతిని తెలుసుకోండి
3. ధాతువుల వరుస ప్రకారం మజ్జ నుంచి రక్తం పుట్టడం ఎందుకు కుదరదు?
4. ఫోలేట్ లోపం మజ్జను ముందుగా ఎందుకు దెబ్బతీస్తుంది?

6.7 ‘రక్తం లేదు’ అన్నప్పుడు

మళ్లీ మేడారం చుట్టుపక్కలకు రండి. తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లోని కోయ గూడేల్లో, అలాగే మన రాష్ట్రాల్లోని ఇతర ఆదివాసీ ప్రాంతాల్లో, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి కనిపిస్తుంది. ఇది ఆదివాసులకే పరిమితమైనదీ కాదు, వారి ఆచారాల వల్ల వచ్చినదీ కాదు. ఈ జన్యువు ఒక్కటే ఉన్నవారికి ప్రమాదకరమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపించాడు. మలేరియా తరతరాలుగా ఉన్న చోట్ల, ఆఫ్రికాలోనైనా గోదావరి లోయలోనైనా, ఆ జన్యువు నిలిచిపోయింది. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి ప్రాంత గిరిజనుల్లో గుర్తించారు.

వ్యాధి ఉన్న పిల్లవాడు పాలిపోయి ఉంటాడు. కళ్లు పచ్చబడతాయి. ఎముకలూ కీళ్లూ భరించలేనంతగా నొస్తాయి. ప్లీహం వాచవచ్చు. చూసినవారు ఏమంటారు? ‘ఒంట్లో రక్తం లేదు’, ‘కామెర్లు’, ‘వాతం’. లక్షణాన్ని బట్టి ఈ మూడు మాటలూ అబద్ధం కావు. మూడింటికీ కారణం ఒక్కటేనని మాత్రం ఈ మాటలు చెప్పలేవు. హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో ఉండాల్సిన గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ ఉంటుంది. ప్రాణవాయువు తగ్గినప్పుడు అలాంటి హీమోగ్లోబిన్ కడ్డీలుగా పేరుకుని కణాన్ని కొడవలిలా వంచుతుంది. వంగిన కణాలు సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి, అది నొప్పి. 120 రోజులు బతకాల్సినవి 10, 20 రోజుల్లోనే పగిలిపోతాయి, అది పాలిపోవడం. పగిలిన కణాల నుంచి వచ్చే పసుపు వర్ణకం కళ్లలో కనిపిస్తుంది.

ఇలాంటి పిల్లవాడికి ఇనుము కలిసిన టానిక్‌నో లేహ్యాన్నో సీసాల కొద్దీ పట్టిస్తే జబ్బు తగ్గదు. అతని మజ్జ ఆగిపోలేదు. మామూలు కంటే చాలా ఎక్కువగా పనిచేస్తోంది. మళ్లీ మళ్లీ రక్తం ఎక్కించుకునేవారిలో ఇనుము పేరుకుని గుండెకూ కాలేయానికీ హాని కూడా చేస్తుంది. దీన్ని చదివి ఇంట్లో ఎవరి ఐరన్ మాత్రలూ ఆపకండి. మన దగ్గర ఎక్కువమంది ఆడవాళ్లలో, పిల్లల్లో రక్తహీనతకు ఇనుము లోపం పెద్ద కారణమే. ఏ కారణమో తేల్చేది రక్తపరీక్ష. ముందు చిన్న స్క్రీనింగ్ పరీక్ష, దాన్ని నిర్ధారించడానికి హీమోగ్లోబిన్ రకాలను వేరుచేసే పరీక్ష. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆదివాసీ ప్రాంతాలు కూడా ఉన్నాయి. వ్యాధి ఉన్నవారికి ఇచ్చే మందుల్లో హైడ్రాక్సీయూరియాతోపాటు ఫోలిక్ ఆమ్లం మాత్ర ఉంటుంది. రాత్రింబవళ్లు పనిచేసే మజ్జకు ఫోలేట్ ఎక్కువ కావాలి కదా. ఒకప్పుడు ఆయుర్వేద విద్యార్థులకు అనాటమీ చెప్పిన మనిషి పేరు ఆ మాత్ర అట్ట మీద ఉండదు.

జన్యువు ఒక్కటే ఉన్నవారిని వాహకులు అంటారు. వారు రోగులు కారు, సాధారణంగా మందులు అవసరం లేదు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే పుట్టే ప్రతి బిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, వాహకులయ్యే అవకాశం నాలుగింట రెండు. దీన్ని చాలామంది ‘నలుగురు పిల్లల్లో ఒకరికి’ అని పొరపడతారు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనేది నిజం కాదు. ప్రతి కాన్పుకూ అదే లెక్క మళ్లీ మొదలవుతుంది. మేనరికాలు జరిగే కుటుంబాల్లో ఇద్దరూ వాహకులయ్యే అవకాశం ఎక్కువ. బీజంలో ఏ భాగం చెడితే దాని నుంచి ఏర్పడే అవయవం చెడుతుందని చరక సంహిత శారీరస్థానంలో ఒక మాట ఉంది. వంశపారంపర్యం గురించి ఆలోచించారని దాన్ని బట్టి చెప్పవచ్చు. పెళ్లికి ముందు ఇద్దరి రక్తం పరీక్షించుకోవాలన్న సలహా మాత్రం హీమోగ్లోబిన్‌ను చదవడం వచ్చాకే సాధ్యమైంది.

మీరు ఆశా కార్యకర్తగానో అంగన్‌వాడీ టీచరుగానో పనిచేస్తూ ఈ కోర్సు చదువుతూ ఉండవచ్చు. అయితే ఒక సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. వ్యాధి ఉన్న బిడ్డ కూడా పుట్టినప్పుడు చక్కగానే ఉంటుంది. గర్భంలో ఉన్నప్పటి హీమోగ్లోబిన్‌లో బీటా గొలుసు ఉండదు, దాని బదులు గామా గొలుసు ఉంటుంది. అందువల్ల లోపం బయటపడదు. పుట్టిన తరువాత అయిదారు నెలల్లో ఆ పాత హీమోగ్లోబిన్ తగ్గి కొత్తది వస్తుంది. అప్పుడు బిడ్డ చేతివేళ్లూ కాలివేళ్లూ వాచడం, ఆగకుండా ఏడవడం మొదలవుతుంది. ‘ఆరు నెలలదాకా బాగుంది, దిష్టి తగిలింది’ అని తల్లి అంటే, ఆ ఆరు నెలల లెక్కను నోట్ చేసుకుని, బిడ్డను పరీక్షకు పంపండి.